పదో మెట్టు

ఆ ఆఫీసులో ఆవిడని అందరూ కామా అనేవాళ్ళు. ఎదురుగా ఉంటే కామా మేడమ్, వెనక్కి తిరిగితే ఉత్త కామా. పాత టేపుల్లో ఉన్న గొంతుల్ని కంప్యూటర్ డిస్కుల్లోకి ఎక్కించి దాచే సంస్థ అది. అక్కడ ఎవరు ఏ పని ఎలా చెయ్యాలో చెప్పే పత్రాలన్నీ ఆవిడ చేతుల మీదుగానే బయటికి రావాలి. ఎవరైనా సెలవు చీటీ ఇచ్చినా ముందు అందులో కామాలు దిద్దుతుందని జోకు. జోకేమీ కాదు, రెండుసార్లు దిద్దింది కూడా.

మంగళవారం పొద్దున్నే సూపరింటెండెంటు కబురు పెట్టాడు. ఆయన బల్ల మీద ఒక ఫైలు, ఫైలు మీద కళ్ళజోడు, కళ్ళజోడు మీద ఆయన చెయ్యి ఉన్నాయి.

"డిస్కుల పత్రం ఉంది కదమ్మా, ఆ కొత్త రకం డిస్కులని లినక్స్‌లో ఎలా పెట్టాలో చెప్పేది. దాని మొదటి పేజీలో ఎర్ర గడి కట్టి ఒక హెచ్చరిక వెయ్యాలి. 'ఏ మెట్టునూ దాటవేయరాదు' అని. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. అప్పటికి కావాలి."

"ఎవరు దాటేశారు సార్?"

"ఇంకెవరు, బాబాయి."

యంత్రాల గది చూసుకునే మనిషిని చిన్నా పెద్దా అందరూ బాబాయి అనే పిలుస్తారు. పోయిన నెల ఆయన కొత్త డిస్కు ఒకటి పెట్టి, పదకొండు టేపుల పాటలు అందులోకి ఎక్కించాడు. యంత్రం 'పూర్తయింది' అంది. తాత్కాలికంగా ఉంచుకున్న కాపీని ఆయన తీసేశాడు. వారం తర్వాత తెరిచి చూస్తే డిస్కులో చదవడానికి ఒక్క పాట లేదు. ఎనిమిది టేపులు మళ్ళీ తిప్పొచ్చు. మిగతా మూడూ అప్పటికే పొట్టు రాలుతున్నవి, ఒక్కసారి తిరగడమే వాటికి గగనం. ఆ మూడూ పోయినట్టే.

"డిస్కు అమ్మినవాళ్ళు వచ్చి చూశారు. డిస్కు బంగారంలా ఉందన్నారు. పత్రంలో ఉన్నట్టు చేస్తే ఇలా జరగదన్నారు. అంటే ఏదో మెట్టు మింగేశాడనేగా?" సూపరింటెండెంటు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "శుక్రవారం ఆయన దగ్గర గది తాళం తీసుకుని అట్టపెట్టెల గోదాముకి పంపేస్తాం. ఫైల్లో నిర్లక్ష్యం అని రాయక తప్పదు. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది పాపం."

ఆ 'పాపం' అనడంలో పాపం పెద్దగా లేదు. కామా ఫైలు తీసుకుని తన గదికి వచ్చింది.

ఎర్ర గడి కట్టడానికి పది నిమిషాలు చాలు. కానీ ఫైల్లో బాబాయి వాడిన పత్రం ప్రతి కూడా ఉంది. ప్లాస్టిక్ తొడుగులో తళతళలాడుతూ ఉంది. పదమూడు మెట్లు, పదమూడింటికీ టిక్కులు, ప్రతి టిక్కు పక్కనా టైము. తొమ్మిదో మెట్టు యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టమనేది. దాని పక్కన పదకొండూ ఇరవై అని ఉంది. పదో మెట్టు పక్కన పదకొండూ ఇరవై ఆరు. అబద్ధపు టిక్కులు కొట్టే మనిషయితే ఆరు నిమిషాలని ఎందుకు రాస్తాడు, గుండుగుత్తగా పదకొండున్నర అని పారేస్తాడు కదా అనుకుంది.

అన్నీ చేసినవాడు ఏది దాటేసినట్టు? ఈ ప్రశ్న ఆవిడకి పంటి సందులో పీచులా ఇరుక్కుపోయింది. ఇక అది ఊరుకోనిస్తుందా?

బుధవారం పొద్దున యంత్రాల గదికి వెళ్ళింది. నాలుగేళ్ళుగా ఆ గది గురించి పత్రాలు దిద్దుతున్న మనిషి, లోపల కాలు పెట్టడం అది మూడోసారి. చలి, ఫ్యాన్ల హోరు, గోడ పొడుగునా ఇనప అరలు. బాబాయి మూలనున్న స్టూలు మీద కూర్చుని రీలు డబ్బాల మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"బాబాయ్, నాకు ఒక డిస్కు పెట్టి చూపిస్తారా? మొదట్నుంచీ చివరిదాకా."

"నన్ను కీబోర్డు ముట్టుకోవద్దన్నారమ్మాయి, శుక్రవారం దాకా." ఆయన లేచి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "నువ్వు కొట్టు. నేను చూస్తుంటా. చూడొద్దని ఎవరూ అనలేదు."

వాడకుండా ఉన్న డిస్కొకటి అరలో నుంచి ఆవిడే తీసింది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఎటు తిప్పి తొయ్యాలో తెలీక అటూ ఇటూ తిప్పుతుంటే బాబాయి గడ్డంతో చూపించాడు. "చీటీ పైకి ఉండాలి. ఆఁ, ఇప్పుడు నెట్టు. టక్కుమనేదాకా."

టక్కుమంది. ఆవిడకి చిన్నపిల్లలా సంబరమేసింది.

"ఈ డిస్కుల గొడవేంటి బాబాయ్? మామూలు డిస్కుకీ దీనికీ తేడా ఏంటి?"

"అదేంటి, పత్రం రాసింది నువ్వేగా?"

"రాసింది ఇంజినీరు. నేను దిద్దాను. దిద్దడానికి అర్థం కానక్కర్లేదు." ఆ మాట తన నోటి నుంచి వచ్చాక ఆవిడకే ఎబ్బెట్టుగా అనిపించింది.

బాబాయి నవ్వలేదు. "ఇంటి పైన పెంకులు చూశావుగా, ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఇందులో రాతలూ అంతే. అలా పేరిస్తే తక్కువ జాగాలో ఎక్కువ పడతాయి. కానీ మధ్యలో ఒక పెంకు లాగుతానంటే పక్కవి లేస్తాయి కదా? అందుకని డిస్కుని గడులు గడులుగా చేశారు. ఒక్కో గడిలో మొదట్నుంచీ వరుసగా రాసుకుంటూ పోవాలి. మధ్యలో దూరతానంటే ఒప్పుకోదు. మార్చాలంటే గడి మొత్తం చెరిపి మళ్ళీ మొదట్నుంచి రాయాల్సిందే."

"అచ్చం మీ టేపులా."

"టేపే నయం. తప్పు చేస్తే వినిపిస్తుంది. ఇది నోరు మూసుకుంటుంది."

ఆవిడ చదివింది, ఆవిడే కొట్టింది. ఒకటో మెట్టు, రెండు, మూడు. నాలుగో మెట్టు షెడ్యూలర్ పెట్టడం. డిస్కుకి వెళ్ళే రాతల్ని క్యూలో నిలబెట్టే ఏర్పాటు అది. ఎదుటి తెర మీద రెండు పేర్లు కనిపించాయి, 'డెడ్‌లైన్', 'నన్' అని. మొదటిది రాతల వరుస కాపాడుతుంది, రెండోది ఉంటే ఏ కాపలా లేనట్టే. ఏది అమల్లో ఉంటే దాని చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటాయట. ఆదేశం కొట్టగానే బ్రాకెట్లు నన్ దగ్గర్నుంచి గెంతి డెడ్‌లైన్ చుట్టూ వచ్చి నిలబడ్డాయి. కామాల మనిషికి బ్రాకెట్లంటే కూడా ముద్దే. ఇంకోసారి చూసుకుని ముందుకెళ్ళింది.

తొమ్మిదో మెట్టు దగ్గర యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. ఆరు నిమిషాలు పట్టింది. సరిగ్గా ఆరే. బాబాయి గడియారం చూడకుండానే "లేస్తుంది ఇప్పుడు" అన్నాడు, లేచింది. పదో మెట్టు, డిస్కుని తగిలించి కాపీ మొదలుపెట్టడం. పనికిరాని పాటలు కొన్ని ఎక్కించారు. గంట తర్వాత తెర మీద 'పూర్తయింది' అని వచ్చింది.

"అప్పుడూ ఇలాగే చెప్పింది" అన్నాడు బాబాయి.

ఆవిడ తాత్కాలిక కాపీ జోలికి పోకుండా, డిస్కుని ఒకసారి విడదీసి మళ్ళీ తగిలించి, ఎక్కించిన మొదటి పాట తెరవబోయింది. చదవలేనంది. రెండోదీ చదవలేనంది. యంత్రం లోపల రాసుకునే చిట్టా తెరిచి చూస్తే, వరుస తప్పిన రాత, తిప్పికొట్టాను, వరుస తప్పిన రాత, తిప్పికొట్టాను అని పేజీలకి పేజీలు ఉన్నాయి.

ఇద్దరూ ఆ తెర వంక చూస్తూ ఉండిపోయారు. అన్ని మెట్లూ ఎక్కారు, ఒక్కటీ దాటలేదు. అయినా కిందే ఉన్నారు.

"అయితే నేనేం దాటెయ్యలేదన్నమాట" అన్నాడు బాబాయి మెల్లిగా. నెల్రోజులుగా ఆ మాట ఆయన తనకి తానే చెప్పుకుంటున్నాడనీ, తనకే నమ్మకం చిక్కలేదనీ ఆ గొంతులో తెలిసిపోయింది. వెనక్కి కట్టుకున్న చేతులు మాత్రం విప్పలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళినా ఆవిడ బుర్రంతా అక్కడే ఉంది. కాపలా పెట్టాం. బ్రాకెట్లు కళ్ళారా చూశాం. మరి వరుస ఎలా తప్పింది? అమ్మతో కలిసి మందుల షాపుకి బయల్దేరి, చెప్పులేసుకుని, తలుపు గడియ మీద చెయ్యి వేసింది. అమ్మ గిరుక్కున వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా! గ్యాసు ఇందాకే కట్టావు. నేనే చూశాను."

"తెలుసు లేవే."

"తెలిసి మళ్ళీ ఎందుకూ? చూసిందే చూడటం, చెప్పిందే చెప్పడం. చాదస్తం కాకపోతే."

అమ్మ వంటింట్లోంచే జవాబిచ్చింది. "నేను కట్టింది నాకు గుర్తుందే పిచ్చిదానా. కట్టాక మీ నాన్న వేణ్ణీళ్ళు పెట్టుకోడానికి ఒకసారి లోపలికి వచ్చి వెళ్ళాడు. ఆయన వచ్చి వెళ్ళిన వంటిల్లు నేను వదిలిన వంటిల్లే అని నమ్మమంటావా?"

హాల్లో పేపరు చదువుకుంటున్న నాన్న పేపరు ఇంకాస్త పైకెత్తాడు. వంటింట్లో టిక్కుమని చప్పుడైంది. గ్యాసు కట్టిన చప్పుడే అది.

కామా గడియ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయింది. యంత్రం ఆగి లేచిన ఆ ఆరు నిమిషాల్లో వంటింట్లోకి ఎవరొచ్చి వెళ్ళారు?

గురువారం ఆఫీసు తలుపులు తీసేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది. మొదటి నాలుగు మెట్లూ చేసింది, బ్రాకెట్లు డెడ్‌లైన్ చుట్టూ ఉన్నాయి. యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. ఆరు నిమిషాల తర్వాత పదో మెట్టుకి పోకుండా, మళ్ళీ నాలుగో మెట్టుకొచ్చి చూసింది.

బ్రాకెట్లు నన్ చుట్టూ ఉన్నాయి.

"బాబాయ్! ఇటు రండి, ఇటు రండి!"

ఆ వచ్చి వెళ్ళిందెవరో పట్టుకోవడానికి ఇంకో గంట పట్టింది. యంత్రం లేచినప్పుడల్లా తనంతట తాను చదువుకునే నియమాల ఫైలు ఒకటుంది. ఈ కొత్త డిస్కులు రాక ముందెప్పుడో, మామూలు డిస్కులు చురుగ్గా ఉండాలని ఎవరో అందులో ఒక వాక్యం పెట్టారు, అన్ని డిస్కులకీ కాపలా తీసెయ్యమని. ఆ వాక్యానికి పాపం పుణ్యం తెలీదు. లేచినప్పుడల్లా గదంతా తిరిగి కాపలా తీసేసి పోతుంది.

ఆవిడకి వెర్రి ఆనందమేసింది. తర్వాత ఒక సందేహం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఇదే వాక్యం, ఇదే పత్రం. ఇదివరకు పెట్టిన పదిహేను డిస్కులు ఎలా బాగున్నాయి?

తన గదికి వెళ్ళి పత్రం పాత ప్రతులు తెరిచింది. ఎవరు ఎప్పుడు ఏ మాట మార్చారో అందులో తేదీలతో సహా ఉంటుంది. నాలుగేళ్ళ కిందటి ప్రతిలో మెట్లు పదమూడు కావు, పద్నాలుగు. పదో మెట్టు ఇలా ఉంది: 'మళ్ళీ మొదలైన తర్వాత నాలుగో మెట్టు మరోసారి చేయండి. బ్రాకెట్లు చూడండి.' ఆ తర్వాతి ప్రతిలో ఆ మెట్టు లేదు. ఎందుకు తీశారో చెప్పే గడిలో రెండే మాటలు ఉన్నాయి. పునరుక్తి తొలగించాను.

తొలగించింది కామా.

ఆవిడకి ఆ రోజు గుర్తు కూడా లేదు. గుర్తుండటానికేముంది, అలాంటివి రోజుకి పది తీసేస్తుంది. నాలుగో మెట్టులో చెప్పిందే పదిలో మళ్ళీ చెబుతున్నాడు, ఈ ఇంజినీర్లకి రాయడం రాదు అనుకుని ఉంటుంది. అనుకుని, కొట్టేసి, టీ తాగి ఉంటుంది.

మళ్ళీ యంత్రాల గదికి దిగేసరికి బాబాయి డబ్బాలు తుడవడం ఆపి చూశాడు. ఆవిడ మొహం చూసి స్టూలు ముందుకు తోశాడు.

"బాబాయ్, ఈ మెట్టు నేను తీసేసి నాలుగేళ్ళయింది. మరి పోయిన నెల దాకా ఏ డిస్కూ ఎందుకు పోలేదు?"

"పాత కాగితం మీద పెన్సిలుతో రాసుకున్నాగా. తొమ్మిది అయ్యాక మళ్ళీ నాలుగు అని. ప్రతిసారీ చేసేవాణ్ణి."

"మరి ఈసారి?"

బాబాయి చేతిలోని దుమ్ము గుడ్డ మడిచాడు. "రెండు నెలల కిందట తనిఖీ వాళ్ళొచ్చారు కదమ్మాయి. పెన్సిలు రాతలున్న కాగితాలన్నీ తీసుకుపోయి, ప్లాస్టిక్ తొడుగుల్లో కొత్తవి ఇచ్చారు. అచ్చులో ఉన్నదే చెయ్యాలి, అక్షరం అటూ ఇటూ పోకూడదు అన్నారు."

తనిఖీ వాళ్ళు అన్నారు. కాగితాలు తీసుకుపోయింది మాత్రం ఆవిడే. ఈ గదిలోకి రెండోసారి వచ్చింది అందుకే. గుమ్మంలో నిలబడి, చెయ్యి చాపి, పాత కాగితం పుచ్చుకుని, కొత్తది చేతిలో పెట్టింది. ఆ పెన్సిలు రాతలేమిటో చదవనైనా చదవలేదు. దస్తూరీ బాగాలేదని మాత్రం గుర్తుంది.

"అప్పుడే చెప్పొచ్చు కదా బాబాయ్, ఒక మెట్టు తగ్గిందని!"

"చదువుకున్న పిల్లవి. నా రాత తీసుకుపోయి కూడా కొత్తదాంట్లో వెయ్యలేదంటే ఆ అవసరం తీరిపోయి ఉంటుందనుకున్నా. మళ్ళీ దాని వైపు బుద్ధి పోలేదు."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. అని ఉంటే ఆవిడకి కాస్త తేలిగ్గా ఉండేది. పోయిన మూడు టేపుల్లో ఒకటి పడవలు లాగే కూలీలు పాడుకునే పదాలట. ఆ పదాలు తెలిసిన మనిషి ఇప్పుడు ఎక్కడా లేడని బాబాయి చెప్పాడు. ఎక్కించేటప్పుడు ఒకసారి విన్నాడట. లాగేవాళ్ళు ఊపిరి పీల్చుకునే చోటల్లా పాట ఆగేదట. కామాకి ఏడుపొచ్చింది. అక్కడే, ఫ్యాన్ల హోరులో, ఎవరూ వినరన్న ధైర్యంతో ఏడ్చేసింది. బాబాయి విననట్టే డబ్బా మూత తుడుస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం కూర్చుని పత్రం సరిచేసింది. పదో మెట్టు తిరిగి పెట్టింది. నియమాల ఫైల్లో ఈ రకం డిస్కుల్ని మినహాయించే వాక్యం ఎలా రాయాలో ఇంజినీరుని అడిగి, రాసి, యంత్రాన్ని నాలుగుసార్లు ఆపి లేపి చూసి, అప్పుడు పత్రంలోకి ఎక్కించింది. 'పూర్తయింది' అన్నంత మాత్రాన తాత్కాలిక కాపీ తీసెయ్యొద్దనీ, డిస్కుని విడదీసి తగిలించి, పాట తెరిచి విన్నాకే తియ్యాలనీ చేర్చింది. మార్పుల గడిలో రాసింది: 'పదో మెట్టును నాలుగేళ్ళ కిందట నేను పొరపాటుగా తొలగించాను. గది సిబ్బంది పత్రంలో ఉన్నది ఉన్నట్టు చేశారు. నష్టం ఆ తొలగింపు వల్లే జరిగింది.'

శుక్రవారం కమిటీ గది బయట సూపరింటెండెంటు ఆ కాగితం చదివి ఆవిడని పక్కకి పిలిచాడు.

"మెట్టు పెట్టారు, సంతోషం. ఎవరు తీశారన్నది ఇప్పుడెందుకమ్మా? ప్రమోషన్ లిస్టులో మీ పేరు పైన ఉంది. ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి. పత్రంలో చిన్న లోపం ఉండేది, సరిచేశాం అందాం."

"మరి బాబాయి?"

"ఆయనా కాస్త చూసుకోవాల్సింది కదా. నిర్లక్ష్యం అని రాయం. గోదాముకి మాత్రం పంపుదాం."

ఆవిడ కాగితం వెనక్కి తీసుకుంది. అబద్ధమెందుకు, ఒక నిమిషం పాటు ఆ గడి ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకుంది కూడా. శుభ్రంగా ఉంటుంది. ఎప్పుడూ శుభ్రంగా ఉండటమే కదా తన పని అనుకుంది. అలా అనుకోగానే సిగ్గేసింది. లోపలికి వెళ్ళి, కాగితం ఎలా ఉందో అలాగే డైరెక్టరు ముందు పెట్టింది.

డైరెక్టరమ్మ నెమ్మదిగా చదివింది. మార్పుల గడి దగ్గర రెండోసారి చదివింది.

"ఎందుకు తీశారు?"

"చెప్పిందే మళ్ళీ చెప్పినట్టు అనిపించింది మేడమ్."

"తీసే ముందు చేసి చూశారా?"

"లేదు మేడమ్. చదివి చూశాను."

సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బాబాయి తాళం బాబాయి దగ్గరే ఉంది. ఆయన ఫైల్లో ఎక్కాల్సిన నిర్లక్ష్యం అనే మాట, పదిహేను నిమిషాల తర్వాత, ఆవిడ ఫైల్లో ఎక్కింది. ప్రమోషన్ లిస్టు సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు. బయటికొచ్చాక ఆవిడకి బాధేసింది, కాళ్ళు మాత్రం తేలిగ్గా ఉన్నాయి.

కొత్త పత్రం అచ్చయి వచ్చింది. ఈసారి ప్లాస్టిక్ తొడుగు లేదు. పేజీకి కుడివైపు నాలుగు వేళ్ళ వెడల్పున ఖాళీ వదిలి, పైన 'గదిలో గమనించినవి' అని వేయించింది. తనిఖీ వాళ్ళు ఒప్పుకోరని సూపరింటెండెంటు గొణిగాడు. పెన్సిలు రాతలు నెలనెలా తానే వచ్చి చదివి, సంతకం పెడతానని ఆవిడ రాసిచ్చింది. శనివారం స్వయంగా తీసుకెళ్ళి బాబాయి చేతిలో పెట్టింది. ఆయన ఆ ఖాళీని వేలితో తడిమి చూసుకున్నాడు.

సోమవారం పొద్దున గదిలోకి వెళ్ళేసరికి పత్రం బల్ల మీద తెరిచి ఉంది. మొదటి పేజీ అంచున బాగాలేని దస్తూరీలో ఇలా ఉంది: 'డిస్కు పేరు బి అని రాశారు. ఆపి లేపితే ఒక్కోసారి సి అయిపోతుంది. అప్పుడు ఇంకో డిస్కు చెరిగిపోతుంది. పేరు కాదు, చీటీ మీది నంబరు చూసి పెట్టాలి.'

ఆవిడ రెండుసార్లు చదివింది.

"ఇది మీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"అయిదేళ్ళ నుంచి."

"మరి చెప్పలేదేం బాబాయ్?"

"రాయడానికి చోటేదీ?"

ఆవిడ పేజీ తిప్పింది. రెండో పేజీ అంచు నిండా పెన్సిలు రాతలే. మూడోదీ అంతే. చివరి పేజీలో చోటు చాలక వెనక్కి తిప్పి రాశాడు. నిన్న ఆదివారమంతా కూర్చుని రాసినట్టున్నాడు.

ఆవిడ చేతిలోని ఎర్ర పెన్ను మూత పెట్టి పక్కన పడేసింది. స్టూలు యంత్రం ముందుకి లాక్కుంది.

"మొదట్నుంచీ చెప్పండి. ఈసారి చేసి చూశాకే రాస్తాను."

బాబాయి అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకుని, ఆవిడ పక్కన వచ్చి నిలబడ్డాడు.

"అయితే ముందు చీటీ చదువు" అన్నాడు.